వాదన వేరు, వెలి వేరు

స్వలింగ ప్రేమ ప్రస్తావన వచ్చినప్పుడు గోదావరి జిల్లాల్లో సంభాషణ ఎక్కువసేపు సాగదు. ఒకరు "ఇది మన సంప్రదాయం కాదు" అంటారు, ఇంకొకరు "ఎవరి బతుకు వారిది, మనకెందుకండీ" అంటారు, మూడోవారు నవ్వేసి రొయ్యల రేటు మీదికి మాట మారుస్తారు. ఎవరైనా కాస్త గట్టిగా అడ్డు చెబితే వెంటనే వచ్చే సమాధానం "నా అభిప్రాయం నేను చెప్పుకోకూడదా?" అన్నది. చెప్పుకోవచ్చు. రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చిన హక్కు అది. అయితే అభిప్రాయమని పేరు పెట్టినంత మాత్రాన ప్రతి మాటా, ప్రతి చేతా ఆ హక్కు నీడలోకి రావు. ఒక మనిషిని గురించి మనం అనుకునేది ఆ మనిషికి చేసే అన్యాయంగా ఎప్పుడు మారుతుందో తేల్చుకోవడం కష్టమే గాని అసాధ్యం కాదు. ఆ గీత ఎక్కడుందో తెలియకపోవడం వల్ల మన మధ్యే ఉన్న గే యువకులూ, స్త్రీలను ప్రేమించే స్త్రీలూ ఎంత నష్టపోతున్నారో చూస్తే ఆ కష్టం పడక తప్పదనిపిస్తుంది.

ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ విషయం తెలియనివారినీ, వినగానే ఇబ్బంది పడేవారినీ, మత విశ్వాసం కారణంగా ఒప్పుకోలేనివారినీ, ఎదుటివారిని హింసించేవారినీ ఒకే గాటన కట్టి అందరూ ద్వేషులేనని ముద్ర వేయడం న్యాయం కాదు. పాలకొల్లులోనో రాజోలులోనో డెబ్భై ఏళ్లు దాటిన పెద్దాయన "మా కాలంలో ఇలాంటివి వినలేదు బాబూ, నాకు మింగుడు పడటం లేదు" అంటే, ఆ మాటలో తెలియనితనం ఉంది, కలవరం ఉంది, కానీ పగ లేదు. ఆయనకు ఓపిగ్గా సమాధానం చెప్పాలి. అదే పెద్దాయన మర్నాడు పక్కింటి కుర్రాడి గురించి వాడి బాబాయి పనిచేసే చోటికి వెళ్లి చెప్పివస్తే అది వేరే సంగతి. ఆయన మనసులో ఉన్న భావం రెండు రోజులూ ఒకటే కావచ్చు. రెండో రోజున మాత్రం దాని ధర ఇంకొకరు చెల్లించారు.

ఏది ఇంకా చర్చలో ఉంది, ఏది ముగిసిపోయింది అన్నది కూడా తెలుసుకుని మాట్లాడాలి. బ్రిటిషు ప్రభుత్వం 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ప్రకృతి విరుద్ధమంటూ స్వలింగ సంపర్కాన్ని నేరం చేసి, యావజ్జీవ శిక్షకు కూడా వీలు కల్పించింది. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, అంగీకారంతో కలిసే వయోజనులకు ఆ సెక్షన్ వర్తించదని చెప్పింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేస్తూ, దీనివల్ల ఇబ్బంది పడేవారు దేశ జనాభాలో అతి స్వల్ప భాగమేనని వ్యాఖ్యానించింది. హక్కులు తలలు లెక్కపెట్టి పంచేవి కావన్న ప్రాథమిక సూత్రం అత్యున్నత న్యాయస్థానంలోనే మరుగున పడిన రోజు అది. చివరికి 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, వయోజనుల అంగీకార సంబంధం నేరం కాదని ఏకగ్రీవంగా తేల్చింది. ఈ వర్గానికీ వారి కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవలసి ఉందని ఆ ధర్మాసనంలోని న్యాయమూర్తి ఇందూ మల్హోత్రా రాశారు. ఆ శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అలాంటి సెక్షనే లేదు.

కాబట్టి ఇద్దరు వయోజనులు కలిసి బతకడం నేరమా అన్న ప్రశ్న మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడి లేదు. పెళ్లి సంగతి అలా కాదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, స్వలింగ వివాహాన్ని ప్రాథమిక హక్కుగా గుర్తించడానికి నిరాకరించి, చట్టం చేయవలసింది పార్లమెంటేనని చెప్పింది. అలాంటి జంటల బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలా అన్న దగ్గర ఐదుగురు న్యాయమూర్తులు ముగ్గురూ ఇద్దరూగా విడిపోయారు. న్యాయమూర్తులే ఏకాభిప్రాయానికి రాలేని విషయంలో భీమవరం బస్టాండులో నిలబడిన మనిషి "ఈ పెళ్లికి చట్టం వద్దు" అన్నంత మాత్రాన అతన్ని వివక్షాపరుడని అనలేము. ఆ మాటతో నేను ఏకీభవించను. కానీ అది వాదించదగిన మాట, వాదనతోనే ఎదుర్కోవలసిన మాట.

మరి వాదనకూ దురభిప్రాయానికీ తేడా ఎలా పట్టుకోవాలి? నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన ఆనవాలు, చెప్పిన కారణం పడిపోయినప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడన్నది. ఉదాహరణకు ఒకాయన "ఇదంతా పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిన జబ్బండీ" అన్నాడనుకుందాం. పాశ్చాత్యుల నుంచి మనకు వచ్చింది దాన్ని నేరం చేసిన చట్టమని, వాత్స్యాయనుడి కామసూత్రాల్లో తృతీయ ప్రకృతి, అంటే స్త్రీ పురుషులకు భిన్నమైన మూడో స్వభావం గురించిన ప్రస్తావన ఉందని చూపిస్తే ఆయన "అలాగా, నాకు తెలియదు" అనవచ్చు. అలా కాకుండా వెంటనే "ఎక్కడి నుంచి వస్తేనేం, అది జబ్బు కదా" అనవచ్చు. అప్పుడు అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే దాన్ని రుగ్మతల జాబితా నుంచి తొలగించిందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న అదే పని చేసిందని, భారతీయ మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది రోగం కాదని ప్రకటించిందని చెబుతాం. ఈసారి "డాక్టర్లదేముందండీ, పిల్లలు పాడైపోతారు" అని మూడో కారణం పుడుతుంది. ఇలా కారణాలు ఒక్కొక్కటే రాలిపోతున్నా ముగింపు మాత్రం చెక్కుచెదరకపోతే, ఆ కారణాలేవీ దానికి పునాది కావని, ముందే ఉన్న అసహ్యానికి అవి తరవాత కట్టిన ప్రహరీ గోడలని అర్థం చేసుకోవాలి. అభిప్రాయం సాక్ష్యానికి తలుపు తీసి ఉంచుతుంది. పొరపాటు తెలిసినప్పుడు కొంచెమైనా కదులుతుంది.

పిల్లల మాట వచ్చింది కాబట్టి అక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మంచివారిని కూడా తప్పుదారి పట్టించే భయం ఇదే. పిల్లలపై లైంగిక దాడి ఘోరమైన నేరం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం బాధిత బిడ్డ ఆడపిల్లా మగపిల్లాడా అని చూడదు. ఆడపిల్లపై అఘాయిత్యం జరిగిందన్న వార్త పేపర్లో వచ్చినప్పుడు మనం ఆ నేరస్థుడి మీద మండిపడతాం గాని, స్త్రీలను ఇష్టపడే మగవాళ్లందరినీ ఊళ్లోంచి పంపేయమని అనం. మగపిల్లాడి విషయంలో మాత్రం ఒక్కడు చేసిన నేరం గే అయిన ప్రతి ఒక్కరి నెత్తికీ చుట్టుకుంటుంది. ఒకే నేరం, రెండు న్యాయాలు. ఒక వర్గం వారిలో ఒకడు తప్పు చేస్తే అది అతడి తప్పు, మరొక వర్గం వారిలో ఒకడు చేస్తే అది అందరి స్వభావం అనడం కులం విషయంలోనూ మతం విషయంలోనూ మనకు బాగా పరిచయమున్న అన్యాయమే. ఇక్కడ దాన్ని గుర్తుపట్టడానికి మనం ఇంకా అలవాటు పడలేదు.

ఈ రెండు న్యాయాల సంగతి అద్దె ఇంటి దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమలాపురంలో ఒక రెండు వాటాల ఇల్లు ఉందనుకుందాం. కింద యజమాని దంపతులు, పైవాటాలో బ్యాంకులో పనిచేసే ఒక కుర్రాడు, అతనితో పాటు ఒక స్నేహితుడు. ఏడాదిన్నరగా ఒకటో తారీఖు దాటకుండా అద్దె వస్తోంది. కరెంటు బిల్లు వాళ్లే కట్టుకుంటున్నారు. యజమానురాలికి ఒంట్లో బాగాలేనప్పుడు ఆ కుర్రాడే బండి మీద మందులు తెచ్చి ఇచ్చాడు, ఆవిడ అతన్ని "బాబూ" అని నోరారా పిలుస్తుంది, సంక్రాంతికి పొంగలి, పాలతాలికలు పైకి పంపిస్తుంది. ఒకరోజు ఎవరో వచ్చి వాళ్లిద్దరూ స్నేహితులు కారని, జంట అని చెబుతారు. నెలాఖరులోగా ఖాళీ చేయమని కబురు వెళుతుంది. "నాకు వాళ్ల మీద కోపం లేదండీ, నా అభిప్రాయం అలాంటిది, అంతే" అంటాడు యజమాని.

ఇక్కడ పరీక్షించవలసింది ఆయన మాటల్ని కాదు, ఆయన పాటించిన నియమాన్ని. పెళ్లికాని మగవాళ్లకు ఇల్లు ఇవ్వకూడదన్న నియమం మొదటి నుంచీ ఉండి, అది అందరికీ ఒకేలా వర్తిస్తుంటే, ఆ నియమం మంచిదా చెడ్డదా అని వాదించుకోవచ్చు. అద్దె ఎగ్గొట్టినా, అర్ధరాత్రి గోల చేసినా ఎవరినైనా పంపించవచ్చు. ఈ కుర్రాళ్ల నడవడిలో నిన్నటికీ ఇవాళ్టికీ ఏ మార్పూ లేదు. మారింది యజమానికి తెలిసిన సమాచారం ఒక్కటే. మనిషి చేసినదాన్ని వదిలేసి మనిషి అయినదాన్ని బట్టి శిక్ష పడినప్పుడు దాన్ని అభిప్రాయమని పిలవలేము. కోపం లేకపోవడం ఆయన్ని నిర్దోషిని చేయదు. వివక్షకు కోపం అవసరం లేదు. చాలాసార్లు అది ఎంతో మర్యాదగా, చేతులు జోడించి మరీ వస్తుంది.

గోదావరి సీమకు ఈ తేడా కొత్తది కాదు. వితంతువుల పునర్వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించగలిగింది 1881 డిసెంబరు 11న. చట్టం అనుమతించిన పని ఒక ఊళ్లో జరగడానికి పాతికేళ్లు పట్టింది. కాకినాడలో పైడా రామకృష్ణయ్య గారి వంటివారు డబ్బిచ్చి అండగా నిలబడకపోతే అప్పటికైనా జరిగేదో లేదో. ఆ వివాదంలో రెండు రకాల వ్యతిరేకులు కనిపిస్తారు. కొందరు పండితులు స్మృతులు తెరిచి ఈ శ్లోకానికి ఆ అర్థం రాదని, కలియుగంలో ఇది చెల్లదని వాదించారు. పంతులు గారు సభల్లోనూ పత్రికల్లోనూ వారికి జవాబిచ్చారు. ఆ వాదన ఎంత తీవ్రంగా సాగినా అది వాదనే. ఇంకొందరు పెళ్లికి వెళ్లినవారిని వెలివేశారు. ఆ ఒత్తిడి తట్టుకోలేక నిన్నటి దాకా పక్కన నిలబడినవారు సైతం ప్రాయశ్చిత్తం చేసుకుని తిరిగి కులంలో కలిశారు. వెలి ఎవరి సందేహాన్నీ తీర్చదు, ఎవరి ప్రశ్నకూ జవాబివ్వదు, ఎదుటివారికి బతుకు గడవకుండా చేసి నోరు మూయిస్తుంది. వితంతువుల సమస్యా స్వలింగ ప్రేమికుల సమస్యా ఒకటేనని నేను అనడం లేదు, వాటి కారణాలు వేరు, చరిత్రలు వేరు. వ్యతిరేకించేవారు ఎంచుకున్న పద్ధతుల్లోని తేడా మాత్రం ఆనాటికీ ఈనాటికీ ఒకటే.

ఇంటి లోపలికి వస్తే గీత గీయడం ఇంకా కష్టమవుతుంది, ఎందుకంటే అక్కడ ప్రేమా భయమూ పరువూ కలిసిపోయి ఉంటాయి. కొడుకు ధైర్యం చేసి చెప్పినప్పుడు తల్లి మొదట అనే మాట తరచుగా "మేం పోయాక నిన్నెవరు చూస్తార్రా?" అన్నది. ఇది ద్వేషం కాదు. పిల్లల చేతుల్లో ముసలితనం గడవడమే తప్ప ఇంకో భద్రత తెలియని సమాజంలో ఒక తల్లికి కలిగే నిజమైన భయం అది. తండ్రి నెల రోజులు మాట్లాడకపోవచ్చు. అది బాధాకరమే, అయినా దుఃఖానికి కొంత సమయం ఇవ్వాలి. గీత దాటేది ఆ తరవాత. మేనత్తకో పెద్దమ్మకో విషయం తెలిసి, "పెళ్లి చేసెయ్యి వదినా, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్న సలహా వచ్చి, పెళ్లిళ్ల పేరయ్యకు కబురు వెళ్లినప్పుడు.

అక్కడి నుంచి ఈ కథలో ఇంకో మనిషి ప్రవేశిస్తుంది, ఆమె గురించి మనం దాదాపు ఎప్పుడూ మాట్లాడం. తణుకు దగ్గరో రావులపాలెం దగ్గరో ఒక రైతు తన కూతురికి మంచి సంబంధం వచ్చిందని సంతోషించి, కొబ్బరితోటలో కొంత అమ్మి కట్నం సర్దుతాడు. పెళ్లికొడుకు ఉద్యోగం ఆరా తీస్తారు, జాతకాలు చూస్తారు, తాగుడు అలవాటు ఉందా అని ఊళ్లో వాకబు చేస్తారు. ఇంట్లో అందరికీ తెలిసిన అసలు సంగతి ఒక్కటీ ఆమెకు చెప్పరు. ఆ తరవాత భర్త ఎందుకు దగ్గరికి రావడం లేదో తెలియక, లోపం తనలోనే ఉందేమోనని ఆమె కుమిలిపోతుంది. పిల్లలు పుట్టలేదని అత్తవారింట్లో మాటలు పడేది కూడా ఆమే. ముఖ్యమైన విషయం దాచి మోసంతో సంపాదించిన అంగీకారాన్ని హిందూ వివాహ చట్టంలోని 12వ సెక్షన్ అంగీకారంగా గుర్తించదు, మోసం బయటపడిన ఏడాదిలోగా ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. కానీ ఏ ఇంట్లో అంత తేలిగ్గా కోర్టు మెట్లు ఎక్కనిస్తారు? "అలాంటివారు ఉండకూడదు" అన్న అభిప్రాయం ఇక్కడ ఇద్దరి జీవితాలను మింగింది. అందులో ఒకరికి ఈ విషయంతో ఏ సంబంధమూ లేదు.

వైద్యం పేరుతో జరిగేదీ ఇలాంటిదే. మారుస్తామని చెప్పి మందులు, కరెంటు షాకులు, ఉపవాసాలు, తాయెత్తులు, భూతవైద్యం దాకా వెళ్లినవారున్నారు. మద్రాసు హైకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశాల ఫలితంగా, ఇలా మార్చే చికిత్సలు చేయడం వైద్యుడి వృత్తి దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఒక మనిషి తన సమాజపు నైతిక, సాంస్కృతిక కట్టుబాట్లకు భిన్నంగా ఉన్నాడన్న కారణంతో అతనికి మానసిక రోగం ఉందని నిర్ణయించకూడదు. బిడ్డ కలవరపడుతుంటే మంచి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లడం తప్పు కాదు, తీసుకువెళ్లాలి కూడా. ఆ కలవరం తగ్గించమని అడగాలి, బిడ్డను మార్చమని కాదు.

మతం గురించి క్లుప్తంగా చెబుతాను. డెల్టాలో గుడీ చర్చీ మసీదూ లేని ఊళ్లు తక్కువ. వివాహమంటే స్త్రీ పురుషులదేనని తన గ్రంథం ప్రకారం బోధించే పూజారికైనా పాస్టరు గారికైనా మౌల్వీ గారికైనా ఆ నమ్మకం ఉంచుకునే స్వేచ్ఛ ఉంది, తమ చేతుల మీదుగా అలాంటి పెళ్లి జరిపించబోమని చెప్పే స్వేచ్ఛా ఉంది. కూర్చున్న సంఘం ముందు ఒక కుర్రాడి పేరు ఎత్తి, వాడి కుటుంబంతో ఎవరూ పొత్తు పెట్టుకోవద్దని చెప్పే స్వేచ్ఛ ఆ నమ్మకంలో నుంచి పుట్టదు.

హాస్యం సంగతి తేలిగ్గా తీసుకోవడం కూడా పొరపాటు. జూనియర్ కాలేజీలో నడకనో గొంతునో పట్టుకుని "ఆడంగి" అని, "తేడాగాడు" అని పిలిచే కుర్రాళ్లకు స్వలింగ ప్రేమ మీద ఏ అభిప్రాయమూ ఉండదు, సినిమాల్లో విన్న వెక్కిరింతను అప్పజెబుతుంటారు. కానీ రోజూ ఆ పిలుపు వినే పిల్లవాడు బాత్రూముకు వెళ్లడానికి భయపడతాడు, హాస్టల్లో అన్నం దగ్గరికి అందరూ వెళ్లాక వెళతాడు, చివరికి చదువే మానేస్తాడు. ఇలాంటి చోట అధ్యాపకుడు చూసీ చూడనట్టు ఊరుకుంటే ఆ మౌనం కూడా ఒక పక్షం వహించడమే. ద్వేషపూరిత ప్రసంగాలపై లా కమిషన్ 2017 మార్చిలో ఇచ్చిన 267వ నివేదిక, ప్రజలను రెచ్చగొట్టే ద్వేషాన్ని శిక్షించే నిబంధనల్లో మతం, కులం, భాషలతో పాటు లైంగిక ధోరణిని కూడా పేరుపెట్టి చేర్చాలని సూచించింది. కొత్త న్యాయ సంహితలో ఆ సూచనకు చోటు దొరకలేదు.

చట్టంలో ఉన్న ఖాళీ అదొక్కటే కాదు. ప్రైవేటు యజమాని ఇల్లు నిరాకరించడాన్ని గాని, ప్రైవేటు సంస్థ ఉద్యోగంలోంచి తీసేయడాన్ని గాని లైంగిక ధోరణి పేరుమీద అడ్డుకునే సమగ్రమైన చట్టం మన దేశంలో లేదు. 2019 నాటి చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు మాత్రమే సంబంధించినది. అందుకే అమలాపురం ఇంటి యజమాని చట్టం దృష్టిలో తప్పించుకోవచ్చు. చట్టం పట్టుకోలేకపోయినా అన్యాయం అన్యాయమే. రాజ్యాంగ నీతి, అంటే రాజ్యాంగ విలువలకు కట్టుబడి నడుచుకోవడం, సహజంగా పుట్టే భావన కాదని, దాన్ని పెంపొందించుకోవాలని, మన ప్రజలు దాన్ని ఇంకా నేర్చుకోవలసి ఉందని అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో చెప్పారు. 2018 తీర్పు ఆ రాజ్యాంగ నీతి మీదే నిలబడి, ఎక్కువమంది నైతికత తక్కువమంది స్వేచ్ఛకు కొలబద్ద కాలేదని చెప్పింది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్న కోనసీమ జిల్లాలో ఆ మాట ఇంకా శ్రద్ధగా వినిపించాలని నాకు ఆశ.

మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఆదేశం ఈ గీతను ఆచరణలో చూపించింది. కలిసి జీవిస్తున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి తన ఇంట్లో నిర్బంధించారని రెండో యువతి హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరింది. నిర్బంధంలో ఉన్న యువతిని కోర్టు ముందు హాజరుపరిచిన తరవాత, ఆమె మేజరని, తన జీవితం గురించి తానే నిర్ణయించుకోగలదని చెప్పి, వారిద్దరూ కలిసి ఉండటానికి ధర్మాసనం అనుమతించింది. ఆ బంధాన్ని మెచ్చుకోమని గాని, ఆశీర్వదించమని గాని కన్నవారిని అడగలేదు. వారిద్దరి జీవితంలో జోక్యం చేసుకోవద్దని మాత్రం ఆదేశించింది.